తక్కువ ఖర్చులో గేమింగ్ పరికరాలు: డబ్బు ఎక్కడ పెట్టాలి?

గేములు ఆడటం మొదలుపెట్టిన వాళ్ల చూపు ముందుగా రంగురంగుల లైట్ల కీబోర్డు మీద పడుతుంది. ముందు మార్చాల్సింది మౌస్. గురిపెట్టి కాల్చే ఆటల్లో చేతి కదలిక తెరకు చేరేది దాని ద్వారానే. చేతిలో ఉన్న డబ్బులో సగం మౌస్‌కీ, దాని కింది ప్యాడ్‌కీ పెట్టి, మిగిలినదాంతో హెడ్‌సెట్ చూసుకోవచ్చు. కీబోర్డు చాలామందికి ఇంట్లో ఉన్నదే సరిపోతుంది.

ఆప్టికల్ మౌస్ అడుగున ఉండేది ఒక బుల్లి కెమెరా. ఎల్‌ఈడీ వెలుగులో అది కింది తలాన్ని సెకనుకు వేలసార్లు ఫొటో తీస్తుంది. ఒక ఫొటోలోని గరుకుతనం తర్వాతి ఫొటోలో ఎటు, ఎంత జరిగిందో పోల్చి కదలికను లెక్కగడుతుంది. మౌస్‌ను విసురుగా లాగినప్పుడు రెండు ఫొటోలకూ ఉమ్మడి భాగం మిగలకపోతే లెక్క తప్పి, గురి ఆకాశంలోకో నేలలోకో పోతుంది. నాసిరకం సెన్సర్‌తో వచ్చే అసలు తంటా ఇదే. కాబట్టి వివరాల్లో వెతకాల్సింది ఐపీఎస్, అంటే సెకనుకు ఎన్ని అంగుళాల వేగాన్ని సెన్సర్ తట్టుకోగలదన్న అంకె. 200 దాటితే కొత్తవారికి ధారాళంగా చాలు. సెన్సర్ పేరు ఎక్కడా చెప్పని మౌస్ జోలికి పోకపోవడమే మంచిది.

డబ్బా మీద పెద్దక్షరాల్లో కనిపించేది మాత్రం డీపీఐ. మౌస్ ఒక అంగుళం జరిగితే కంప్యూటరుకు ఎన్ని కదలికలు పంపుతుందో చెప్పే అంకె అది. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెరను ఒక్కో కదలికకు ఒక్కో పిక్సెల్ చొప్పున దాటాలంటే, 800 డీపీఐ వద్ద మౌస్‌ను సుమారు 6 సెంటీమీటర్లు జరపాలి. 16,000 డీపీఐ వద్ద 3 మిల్లీమీటర్లు చాలు. చెయ్యి కాస్త వణికితేనే తెర చివరికి పోయే మౌస్‌తో ఎవరికి గురిపెట్టగలం? పైగా చవక మౌసుల్లో ఆ పెద్ద అంకెలు తరచూ సెన్సర్ చూసినవి కావు, సాఫ్ట్‌వేర్ కల్పించినవి. 400 నుంచి 1600 వరకు మార్చుకునే వీలుంటే చాలు.

పోలింగ్ రేటు, అంటే మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటరుకు కబురు పంపుతుందన్న అంకె, దాని సంగతీ అంతే. మామూలు మౌస్ 125 హెర్ట్జ్ వద్ద 8 మిల్లీసెకన్లకోసారి కబురు పంపుతుంది, 1000 హెర్ట్జ్ మౌస్ ఒక మిల్లీసెకనుకోసారి. 60 హెర్ట్జ్ తెర మీద బొమ్మ మారేదే 16.7 మిల్లీసెకన్లకోసారి. 500 గానీ 1000 గానీ ఉన్నది తీసుకోండి, అంతకు మించిన దానికి డబ్బు పెట్టొద్దు. బరువు 90 గ్రాముల లోపు ఉంటే మేలు. అరచెయ్యంతా ఆనించి పట్టుకునేవారికి పొడవుగా, వీపు ఎత్తుగా ఉన్నది నప్పుతుంది. వేలికొసలతో నడిపేవారికి చిన్నది హాయి.

కొన్నాక విండోస్ మౌస్ సెట్టింగుల్లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ టిక్ తీసేయండి. అది ఉన్నంతకాలం అదే దూరం జరిపినా వేగాన్ని బట్టి గురి వేర్వేరు చోట్ల ఆగుతుంది, చేతికి కొలత అలవాటు కాదు. మెరిసే బల్ల మీదా, గాజు మీదా సెన్సర్‌కు ఆనవాలు దొరకదు. 40 సెంటీమీటర్ల వెడల్పున్న సాదా గుడ్డ ప్యాడ్ ఆ బెడద తీరుస్తుంది.

కీబోర్డులో మీటలు అడ్డవరుసలు, నిలువువరుసలుగా తీగలతో కలిసి ఉంటాయి. దీర్ఘచతురస్రపు మూడు మూలల్లోని మీటల్ని ఒకేసారి నొక్కితే, కరెంటు చుట్టుదారిన పోయి నాలుగో మూల మీట కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. ఆ గందరగోళం రాకుండా చవక కీబోర్డులు మూడో మీటను అసలు పట్టించుకోవు. పరుగెడుతూ దూకబోతే పాత్ర నేలమీదే ఉండిపోవడానికి ఒక కారణం ఇదే. మీ కీబోర్డును పరీక్షించడం తేలిక: నోట్‌ప్యాడ్ తెరిచి షిఫ్ట్, డబ్ల్యూ, ఏ మీటల్ని నొక్కిపట్టి, స్పేస్, ఆర్, ఈ ఒక్కొక్కటిగా నొక్కండి. అన్నీ పడితే కొత్తది కొననక్కర్లేదు. పడకపోతే ఎన్-కీ రోల్‌ఓవర్, అంటే ఎన్ని మీటలు ఒకేసారి నొక్కినా అన్నిటినీ గుర్తించే వీలు, ఉన్నది చూడండి. ‘యాంటీ ఘోస్టింగ్’ (నొక్కని మీట నొక్కినట్టు కనిపించకుండా రక్షణ) అని రాసినవాటిలో కొన్నింటికి ఆ రక్షణ ఆటలో వాడే కొన్ని మీటలకే ఉంటుంది. ‘మెకానికల్ ఫీల్’ అంటే దాదాపు ఎప్పుడూ రబ్బరు పొర కీబోర్డే. ప్రతి మీటకూ విడి స్విచ్ ఉండే నిజం మెకానికల్‌లో టకటకలాడే బ్లూ స్విచ్‌లు వద్దు, ఆ చప్పుడంతా మైకులోకి పోతుంది.

హెడ్‌సెట్ మీది 7.1ని, అంటే చుట్టూ ఎనిమిది స్పీకర్లున్నట్టు వినిపిస్తుందన్న మాటను, చూసి మురిసిపోకండి. చాలావాటిలో లోపల ఉండేది చెవికొక స్పీకరే. శబ్దం రెండు చెవులకూ చేరే సమయంలోని తేడా, మిల్లీసెకను కన్నా తక్కువే అయినా, దాన్ని బట్టి కూడా మెదడు దిక్కు పసిగడుతుంది. దానికి మంచి స్టీరియో చాలు. ఆటలోనే హెడ్‌ఫోన్ల కోసం 3డీ ఆడియో ఉంటే 7.1ను ఆపేయండి. రెండూ కలిస్తే అడుగుల చప్పుడు ఏ దిక్కునుంచో తెలియదు. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. మైకు కూడా వాడితే మామూలుగా నాణ్యత ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. తీగ ఉన్నదే నయం. దాని 3.5 మిల్లీమీటర్ల పిన్నుకు మూడు నల్ల గీతలుండి, కంప్యూటరుకు మైకు రంధ్రం విడిగా ఉంటే, మాట వినిపించాలంటే రెండుగా చీల్చే స్ప్లిటర్ కావాలి.

వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతుంటే దాని రిసీవర్ యూఎస్‌బీ 3.0 పోర్టు పక్కన ఉందేమో చూడండి. ఆ పోర్టుల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద వెలువడుతుంది. పొట్టి ఎక్స్‌టెన్షన్ తీగతో రిసీవర్‌ను మౌస్‌కు దగ్గరగా తెస్తే చాలాసార్లు కుదురుకుంటుంది. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతోందంటే మాత్రం తప్పు మీటకింది స్విచ్‌దే కావచ్చు. వాపసు గడువు దాటకముందే కొన్ని వందలసార్లు నొక్కి చూడండి.