బ్రూయిన్స్‌కి సెంటర్ల కరవు ఎక్కడ మొదలైంది?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం పేరు డ్రాఫ్ట్. ఎంచుకునే వంతే పిక్, దాన్ని జట్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు. 2025 డ్రాఫ్ట్‌లో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు ఏడో పిక్‌తో జేమ్స్ హేగెన్స్‌ని తీసుకుంది. అప్పటికి బోస్టన్ కాలేజీకి ఆడుతున్న సెంటర్, అంటే మధ్యలో ఉండి దాడిని నడిపే ఆటగాడు. అభిమానులు సంబరపడ్డారు, ఆ వెంటనే పాత గొడవా లేచింది: పదేళ్ల కిందట చేజేతులా వదులుకున్నదాన్ని ఇప్పుడు వెతుక్కుంటున్నారా?

2015 జూన్ 26, ఫ్లోరిడాలోని సన్‌రైజ్‌లో ఆ ఏటి డ్రాఫ్ట్. డాన్ స్వీనీ బ్రూయిన్స్ జనరల్ మేనేజర్‌గా వచ్చి నెల దాటిందంతే. ఆ రోజే ఇరవై రెండేళ్ల డిఫెన్స్‌మన్ డగీ హామిల్టన్‌ని కాల్గరీకి పంపి 15వ పిక్, రెండు రెండో రౌండ్ పిక్‌లు తెచ్చుకున్నాడు. మిలాన్ లూచిచ్‌ని లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చిన బేరంలో 13వది వచ్చింది. 14వది సొంతదే. వాటిని కలిపి పైకి ఎగబాకి స్థానిక కుర్రాడు నోవా హానిఫిన్‌ని పట్టాలని చూసినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. అది కుదరలేదు, హానిఫిన్ ఐదో పిక్‌గా కరొలైనాకి వెళ్లిపోయాడు. బోస్టన్ చేతిలో వరసగా మూడు పిక్‌లు మిగిలాయి.

13: యాకుబ్ జ్బోరిల్, డిఫెన్స్. 14: జేక్ డెబ్రస్క్, వింగ్ (అంచుల నుంచి దాడి చేసే ఆటగాడు). 15: జాకరీ సెనిషిన్, వింగ్. ఆ వెంటనే 16వ పిక్‌తో న్యూయార్క్ ఐలాండర్స్ మాథ్యూ బార్జల్‌ని, 17తో విన్నిపెగ్ కైల్ కానర్‌ని, 18తో ఒటావా తోమా షాబోని తీసుకున్నాయి. బార్జల్ 2017-18లో 85 పాయింట్లతో (గోల్స్, గోల్స్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి) ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. సెనిషిన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇరవై మ్యాచ్‌లు కూడా ఆడలేదు.

స్వీనీ పక్షం వాదన తీసిపారేసేది కాదు. డెబ్రస్క్ ఒక సీజన్‌లో 27 గోల్స్ కొట్టాడు, అదే డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో బ్రాండన్ కార్లో దొరికాడు. మరుసటి ఏడాది 14వ పిక్‌తో చార్లీ మెకావోయ్ వచ్చాడు. 2019లో జట్టు లీగ్ టైటిలైన స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది.

అయినా ఆ రాత్రి పొరపాటు కుర్రాళ్ల అంచనాలో మాత్రమే జరగలేదు. ప్యాట్రిస్ బెర్జెరాన్‌కి నెల తిరక్కుండా ముప్పై నిండబోతోంది, డేవిడ్ క్రెయిచీకి ఇరవై తొమ్మిది. జట్టు ఆట మొత్తం ఆ ఇద్దరు సెంటర్ల మీదే నడుస్తోంది. అలాంటప్పుడు మొదటి రౌండ్‌లో మూడు పిక్‌లుండి ఒక్క సెంటర్‌నీ తీసుకోలేదు. బార్జల్ సెంటర్. రెండో రౌండ్‌లో తీసుకున్న సెంటర్ నిలబడలేదు. బెర్జెరాన్ 45వ పిక్, క్రెయిచీ 63వ పిక్. అలాంటివాళ్లు ఆలస్యంగానైనా మళ్లీ దొరుకుతారన్న ధీమా ఉండి ఉండాలి. దొరకలేదు.

ఆ తర్వాతి అడుగులు లోటును ఇంకా పెంచాయి. 2018, 2020, 2022, 2023 డ్రాఫ్ట్‌లలో బోస్టన్‌కి మొదటి రౌండ్ పిక్కే లేదు. రిక్ నాష్ కోసం ఒకటి, డేవిడ్ బ్యాకస్ కాంట్రాక్టు వదిలించుకునే బేరంలో ఒకటి, హాంపస్ లిండ్‌హోమ్ కోసం ఒకటి, ద్మిత్రీ ఒర్లోవ్, గార్నెట్ హాథవే కోసం ఇంకొకటి వెళ్లాయి. విత్తనపు వడ్లు వండుకు తిన్నారు. 2022-23లో 65 విజయాలు, 135 పాయింట్లతో లీగ్ రికార్డు సృష్టించిన జట్టు, టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లోనే ఫ్లోరిడా చేతిలో ఓడింది. ఆ వేసవిలోనే బెర్జెరాన్, క్రెయిచీ ఇద్దరూ రిటైరయ్యారు.

తమ దగ్గర పెరగని సెంటర్‌ని డబ్బుపెట్టి కొనాల్సి వచ్చింది: 2024లో ఎలియాస్ లిండ్‌హోమ్‌తో ఏడేళ్ల ఒప్పందం, ఏటా 77.5 లక్షల డాలర్లు. 2024-25 సీజన్‌లోనే 2016 తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్ చేజారాయి.

2025 మార్చిలో, 2015 బ్యాచ్‌లో బోస్టన్‌లో మిగిలిన ఒకే ఒక్కడు కార్లోని టొరంటోకి ఇచ్చేశారు. బదులుగా అడిగి తెచ్చుకున్నవాటిలో ఒక మొదటి రౌండ్ పిక్ ఉంది, ఫ్రేజర్ మింటెన్ అనే యువ సెంటర్ ఉన్నాడు.