కుండలో ఇన్సులిన్, జేబులో చక్కెర

చిన్నోడా, చిన్నమ్మీ,

డాక్టరు షుగరని చెప్పి ఇంకా పదిరోజులు కూడా అయ్యుండదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ "ఎంత బెల్లం తినింటాడో పాపం" అనే అంటుంటారు. ముందు ఆ మాట చెవిలోంచి తీసేయండి. మీకొచ్చింది టైప్ 1. ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తాయి. ఓళిగలు తిన్నందుకు రాదు, ఒకరినుంచి ఒకరికి అంటదు. తాతకుండే షుగరు వేరు. ఆయన ఒంట్లో ఇన్సులిన్ ఉంది గానీ సరిగ్గా పనిచేయదు, అందుకే మాత్రలతో నెట్టుకొస్తున్నాడు. మీ ఒంట్లో అసలు అదే కరువు. తిన్న సంగటంతా చక్కెరై నెత్తుట్లో చేరినా కండల్లోకి పోలేక మూత్రంలో పోతుంది. ఇన్నాళ్లూ అంత దప్పిక, రాత్రి నాలుగుసార్లు లేవడం, ఎంత తిన్నా చిక్కిపోవడం అందుకే.

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లోడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ సూది వేసినారు. అంతకుముందు ఈ జబ్బుకు పస్తులుంచడమే వైద్యం. కాబట్టి సూదిని శిక్ష అనుకోవద్దు. అది మీకు అన్నం, నీళ్ల లెక్కే.

ఈ మాట మొదటే చెప్పడానికి కారణముంది. సూదులు మొదలైన కొన్ని వారాలకు ఒక తమాషా జరుగుతుంది. షుగరు చూసే మీటర్లో 95, 110 అని చక్కగా వస్తుంటాయి. 12 యూనిట్లు వేసుకునేవాళ్లకు 4 సరిపోతుంటాయి. చావకుండా మిగిలిన కొద్ది కణాలు, సూదివల్ల పనిభారం తగ్గేసరికి మళ్లీ పనికి దిగినాయన్నమాట. డాక్టర్లు దీన్ని హనీమూన్ అంటారు, నవ్వొద్దు. కొన్ని నెలలుంటుంది, కొందరికి ఏడాది దాటుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఆకుపసరు పట్టుకొని దిగుతారు. తాగినాక షుగరు తగ్గినట్టే ఉంటుంది కూడా. తగ్గించింది హనీమూను, పేరు పసరుకు. ఆ నమ్మకంతో సూది మానేస్తే, మిగిలిన కణాలు కూడా పోయిన రోజున కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, నోట్లో మాగిన పండు వాసన వస్తాయి. ఇన్సులిన్ లేక ఒంట్లో కొవ్వు కరిగి, కీటోన్లనే ఆమ్లాలు నెత్తుట్లో పేరుకోవడమది, దాన్నే కీటోఅసిడోసిస్ అంటారు. అది వస్తే ఇంట్లో ఆగకూడదు. కర్నూలైతే పెద్దాసుపత్రి, కడపైతే రిమ్స్, అనంతపురమైతే సర్వజనాసుపత్రి, ఏది దగ్గరైతే దానికి వెంటనే పోవాలి. డోసు తగ్గించేది డాక్టరు. సున్నా చేసేది ఎవరూ కాదు.

ఇప్పుడు సిరంజి సంగతి. పెద్దవాళ్లు కూడా ఇక్కడే తప్పు చేస్తారు. మన మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా 40 రకం, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. 100 రకం మందుకు నారింజ రంగు మూత సిరంజి. 40 రకం మందును నారింజ మూత సిరంజితో 10 గీతదాకా లాగితే ఒంట్లోకి పోయేది 4 యూనిట్లే, షుగరు దిగదు. అదే 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీతదాకా లాగితే పోయేది 25 యూనిట్లు, ఆ పొద్దు షుగరు బాగా పడిపోయి స్పృహ తప్పొచ్చు. షాపతను "అన్నీ ఒకటేలే" అన్నా వినొద్దు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె మీరే పక్కపక్కన పెట్టి చూసుకోండి.

పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్ అయితే సీసాను రెండు అరచేతుల మధ్య ఇరవైసార్లు మెల్లగా దొర్లించాలి, మజ్జిగ సీసాలా కుదపకూడదు. ఇన్సులిన్ పెన్ను వాడేవాళ్లు ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి, సూది మొనమీద చుక్క కనిపించినాకే డోసు తిప్పుకోవాలి. గుచ్చి, బటన్ నొక్కి, పది అంకెలు లెక్కపెట్టి తీయాలి. వెంటనే లాగేస్తే మందు చర్మం మీద కారిపోతుంది. పొట్ట, తొడ, పిర్ర, దండచేయి, ఏదైనా సరే. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలేయండి. నొప్పి తెలియడం లేదని రోజూ ఒకేచోట వేసుకుంటే అక్కడ గడ్డలా ఉబ్బుతుంది. ఆ గడ్డలో వేసిన మందు ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. "అంతా సరిగ్గానే చేస్తున్నా, నంబర్లు తిక్కతిక్కగా వస్తున్నాయి" అనేవాళ్ల పొట్ట తడిమి చూస్తే సగంమందికి జవాబు వేళ్లకే తగులుతుంది.

మీటరుకు వేలు పొడుచుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. చీనీకాయ వలిచిన వేలితో చూస్తే పండు రసంలో చక్కెర కూడా కలిసి 130 ఉన్నది 250 అని చూపించొచ్చు. దాన్ని నమ్మి సూది వేసుకుంటే మిగిలేది లో షుగరే.

లో షుగరంటే 70 కంటే తగ్గడం. చేతులు వణుకుతాయి, చల్లటి చెమట పడుతుంది, ఆకలి పిచ్చిగా వేస్తుంది, ఊరకే కోపమొస్తుంది. తరగతిలో వస్తే "టీచరేమనుకుంటుందో" అని కూర్చోవద్దు. మూడు చిన్న చెంచాల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలుపుకుని తాగాలి. చిన్నపిల్లలకు అందులో సగం. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి, పైకి రాకపోతే మళ్లీ అంతే. చాక్లెట్, బూందీ లడ్డు, చెనిక్కాయల చిక్కీ దీనికి పనికిరావు. వాటిలో ఉండే నూనె, నెయ్యి చక్కెరను ఆలస్యంగా వదులుతాయి, ఇక్కడ మనకు కావాల్సింది తొందర. షుగరు 70 దాటినాక తర్వాతి భోజనం దూరంగా ఉంటే అప్పుడు రెండు బిస్కెట్లో, ఒక అరటిపండో తినండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ ఒక్క సంగతి మీ పక్కబెంచీ స్నేహితుడికి, క్లాసు టీచరుకు, ఆటల సారుకు చెప్పి ఉంచండి. చక్కెర పొట్లాలు బ్యాగులో ఒకటి, చొక్కా జేబులో ఒకటి. బ్యాగు తరగతిలో పెట్టి మీరు కబడ్డీకి పోతారు కదా. ఆటకు ముందు 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని దిగాలి. సాయంత్రం బాగా ఆడిన రోజు షుగరు అర్ధరాత్రి దిగొచ్చు, పడుకునేముందు ఒకసారి చూసుకోవాలి.

తిండి గురించి ఎక్కువ భయపెడతారు గానీ, నిషేధాలకంటే లెక్క ముఖ్యం. "రాగిసంగటి తిను, షుగరుకు మంచిది" అంటారు. మంచిదే, కానీ మన సంగటిలో బియ్యమూ ఉంటుంది. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, రాగిపిండిలో, జొన్నపిండిలో 70కి దగ్గర. పెద్ద తేడా ఏమీ లేదు, పీచువల్ల కాస్త నిదానంగా ఎక్కుతుందంతే. 50 గ్రాముల పిండితో చేసిన జొన్నరొట్టె అంటే 35 గ్రాములు. ఉగ్గాని తేలిగ్గా ఉంది కదా అని రెండు ప్లేట్లు లాగిస్తే బొరుగులు గబగబా షుగరు పెంచుతాయి. ఎన్ని గ్రాములకు ఒక యూనిట్ అన్నది మీ డాక్టరు లెక్కకట్టి చెబుతారు. మీరు చేయాల్సిందల్లా నెలరోజులు వంటింట్లో చిన్న తూకం పెట్టుకోవడం. ఆ తర్వాత మీ కళ్లే తూకమవుతాయి. బెల్లం, తేనె నెత్తుటికి చక్కెరే, వాటికి మినహాయింపులేమీ లేవు.

జ్వరమొచ్చి ఏమీ తినలేకపోయినా సూది పూర్తిగా మానకూడదు. జ్వరం షుగరును పెంచుతుంది. మూడు నాలుగు గంటలకోసారి చూసుకుంటూ, 250 దాటితే మూత్రంలో కీటోన్ పట్టీతో పరీక్ష చేసి, డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఇక మన ఎండ. తెరవని సీసాలు ఫ్రిజ్ తలుపులో పెట్టాలి, గడ్డకట్టే పైఅరలో వద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపలైతే నాలుగు వారాలు ఉంటుంది, కానీ ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లల్లో 30 ఎక్కడిది? ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్నకుండ దించి, ఇసుకను బాగా తడపండి. ఇన్సులిన్‌ను గట్టి మూతున్న డబ్బాలో వేసి చిన్నకుండలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పండి. గాలి ఆడే నీడలో ఉంచాలి, మూసిన గదిలో పెడితే నీరు ఆవిరి కాదు, చల్లబడదు. మన గాలి పొడిది కాబట్టి కుండ బాగానే పనిచేస్తుంది, వానాకాలం ముసురులో మాత్రం అంత చల్లబడదు. లోపల చిన్న థర్మామీటరు ఒకటి వేసుకుంటే అనుమానముండదు. నీళ్లలా ఉండాల్సిన ఇన్సులిన్ మసకబారినా, తెల్లదాంట్లో పలుకులు తేలినా పారేయండి.

వాడిన సూదులు చెత్తబుట్టలో వేయొద్దు, చెత్త ఎత్తే అక్క చేతికి గుచ్చుకుంటాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండినాక ఆసుపత్రిలో ఇచ్చేయండి. కుండలోని ఇసుకకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోయండి. బడికి పోయే తొందరలో మర్చిపోయేది అదొక్కటే.

మీ జేజి,
కర్నూలు