బొడ్డుతాడు రక్తం: 2005లో తేలిందేమిటి, బ్రోచర్‌లో మిగిలిందేమిటి

హనుమకొండలో ఏడో నెల చెకప్‌కు వెళ్లిన గర్భిణి చేతిలో స్కానింగ్ రిపోర్టుతో పాటు ఓ రంగుల బ్రోచర్ కూడా పెడుతున్నారు. బొడ్డుతాడు రక్తాన్ని బిడ్డకు సొంత బీమాలా ప్రైవేటు బ్యాంకులో దాచుకుంటే ఎనభై జబ్బులకు పనికొస్తుందట. ఆ జాబితాలో క్రాబే, హర్లర్ (రెండూ ఒంట్లో ఒక ఎంజైము లేక వచ్చేవే), అడ్రినోల్యూకోడిస్ట్రఫీ లాంటి పుట్టు జబ్బుల పేర్లూ ఉంటాయి. మేనరికం చేసుకున్న జంట ఆ పేర్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. (నిజానికి మూడోదానికి మేనరికంతో పనే లేదు. అది తల్లి ఎక్స్ క్రోమోజోమ్ మీదుగా కొడుక్కి వస్తుంది.) దాచాలా వద్దా అన్న వాదన చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంది.

1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం చేసిన తొలి బొడ్డుతాడు రక్త మార్పిడి కథ చాలామందికి తెలిసిందే. ఇవాళ్టి తగువు మూలం అక్కడ దొరకదు, 2005లో దొరుకుతుంది.

ఆ ఏడాది అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు క్రాబే వ్యాధి ఉన్న 25 మంది పసివాళ్ల ఫలితాలు ప్రచురించారు. అందరికీ ఎక్కించింది బంధుత్వం లేని దాతల బొడ్డుతాడు రక్తమే. 11 మందికి లక్షణాలు మొదలుకాకముందే, పుట్టిన 12 నుంచి 44 రోజుల్లోపు ఎక్కించారు. ఇంట్లో అంతకుముందే ఒక బిడ్డకు ఈ జబ్బు రావడం లాంటి కారణాలతో వీళ్ల సంగతి ముందే తెలిసింది. మిగతా 14 మంది లక్షణాలు బయటపడ్డాక, దాదాపు ఐదు నెలల నుంచి ఏడాది వయసులో వచ్చారు. సుమారు మూడేళ్ల తర్వాత చూస్తే మొదటి గుంపులో అందరూ బతికే ఉన్నారు. రెండో గుంపులో బతికినవాళ్లు 43 శాతం, వాళ్లలోనూ మెదడు పెద్దగా కోలుకోలేదు. రక్తం అదే, కీమో అదే. తేడా వచ్చింది తేదీ దగ్గర.

ఎందుకో చూడాలంటే ఆ కణాలు చేసే ప్రయాణం తెలియాలి. ముందు కీమోతో బిడ్డ ఎముక మజ్జను ఖాళీ చేస్తారు. దాత కణాలు అక్కడ పాదుకుని, తెల్లకణాలుగా మారి, వాటిలో కొన్ని మెదడులోకి చేరి, లేని ఎంజైమును పక్క కణాలకు అందించాలి. దీనికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో జబ్బు ఆగదు. క్రాబేలో సైకోసిన్ అనే విషపదార్థం మైలిన్ (నరాల మీది పొర) తయారుచేసే కణాలను వారాల్లోనే దెబ్బతీస్తుంది. బిడ్డ పిడికిళ్లు బిగించి, వెన్ను విల్లులా వంచి, పాలు మింగలేక ఏడుస్తున్నప్పటికే ఆలస్యమైపోయినట్టు. హర్లర్ కాస్త నెమ్మది జబ్బు. 2004లో అదే డ్యూక్ బృందం చూపిన 20 మందిలో 17 మంది బతకడం వెనుక ఈ వ్యవధి కూడా ఉంది.

ఇంకా చెప్పుకోవాల్సింది న్యూయార్క్ సంగతి. 2006 ఆగస్టు నుంచి ఆ రాష్ట్రంలో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ రక్తపు చుక్కతో క్రాబే పరీక్ష మొదలుపెట్టారు. ఎనిమిదేళ్లలో దాదాపు 20 లక్షల మందిని పరీక్షిస్తే తొలి నెలల్లోనే ముదిరే రకం ఐదుగురిలో తేలింది. నలుగురికి మార్పిడి చేశారు. ఇద్దరు చికిత్స చిక్కులతోనే చనిపోయారు, మిగిలిన ఇద్దరికీ ఎదుగుదల బాగా వెనుకబడింది. చికిత్స లేకుండా ఉన్న ఐదో బిడ్డ జబ్బుతో పోయింది. ముందే పట్టుకున్నా గెలుపు ఖాయం కాదని అక్కడ తేలింది. బ్రోచర్లలో ఈ పేరా కనపడదు.

వయసుతో పాటు బ్రోచర్‌లోంచి జారిపోయిన రెండో మాట, ఆ రక్తం ఎవరిదన్నది. బిడ్డ సొంత రక్తంలోనూ అదే తప్పు జన్యువు ఉంటుంది. వంశపారంపర్య జబ్బుకు దాన్నే తిరిగి ఎక్కిస్తే ఎంజైము ఎక్కడి నుంచి వస్తుంది?

బ్యాగు లెక్క కూడా చూడాలి. బిడ్డ పుట్టి బొడ్డుతాడు కోశాక దాని సిరలోకి సూది గుచ్చి, గడ్డకట్టకుండా ద్రావణం ఉన్న బ్యాగును కిందికి వేలాడదీస్తారు. 60 నుంచి 100 మిల్లీలీటర్లు వస్తే మంచి కాన్పే. మిల్లీలీటరుకు సుమారు కోటి కణాలు. ఇలాంటి జబ్బుల్లో బిడ్డ బరువు కిలోకు 5 కోట్ల కణాలు ఉంటే ధీమా. పది కిలోల బిడ్డకు 50 కోట్లు, ఇరవై కిలోలకు 100 కోట్లు. బ్యాగు కదపకపోతే రక్తం గడ్డలు కడుతుంది, శుద్ధి చేసేటప్పుడు కొన్ని కణాలు పోతాయి, మైనస్ 196 డిగ్రీల నుంచి కరిగించేటప్పుడు ఇంకొన్ని పోతాయి. పైగా బొడ్డు కోయడానికి కనీసం నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆగితే రక్తం బిడ్డకు చేరుతుంది, బ్యాగు తగ్గుతుంది. బ్యాగు నింపాలని తొందరపడితే బిడ్డకు రావాల్సిన ఇనుము బ్యాగుపాలు.

బ్యాంకులవాళ్లూ ఓ మాట అంటున్నారు: సభ్యులందరి బ్యాగులనూ కలిపి వాడుకుంటే బిడ్డకు సరిపోలే బ్యాగు దొరుకుతుందని. సరే, అప్పుడది సొంత బీమా ఎలా అవుతుంది?

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే, బిడ్డ సొంతానికని దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని రాసింది. ఒక్క సందర్భంలో మాత్రం దాచమంది: ఈ కణాలతో నయమయ్యే జబ్బు పెద్దబిడ్డకు ఉండి, తల్లి మళ్లీ గర్భవతి అయినప్పుడు.

భూపాలపల్లిలోనో ములుగులోనో ఉన్న ఇంటికి పనికొచ్చేది ఆ ఒక్క వాక్యమే. అయితే పెద్దబిడ్డ జబ్బు పేరు ముందు తేలాలి. ఎంజైము పరీక్ష తెల్లకణాల్లో చేస్తారు. పరీక్షకు పంపిన రక్తం ఎండలో బస్సు డిక్కీలో వచ్చినా, ఐస్‌కు తగిలి గడ్డకట్టినా కణాలు చచ్చి ఎంజైము లేనట్టే చూపిస్తుంది. ఆరోగ్యవంతుల్లోనూ కొందరికి ఎంజైము తక్కువే కనిపిస్తుంది కాబట్టి జన్యుపరీక్షతో నిర్ధారించుకోవాలి. అరుదైన వ్యాధులకు కేంద్రం గుర్తించిన జాబితాలో హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ఉన్నాయి. 2021 విధానంలో మార్పిడికి అర్హమైన జబ్బులకు 20 లక్షల సాయం అన్నారు, 2022లో 50 లక్షల దాకా పెంచారు. అడ్రినోల్యూకోడిస్ట్రఫీకైతే నరాల లక్షణాలు గట్టిగా బయటపడకముందే రావాలని షరతు.

రెండో గర్భం నిలిచాక పదకొండో వారం దాటితే మాయ నుంచి ముక్క తీసి పరీక్షించవచ్చు. క్రాబే, హర్లర్ లాంటివాటిలో ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. జబ్బు లేని తోబుట్టువుల్లోనూ ముగ్గురిలో ఇద్దరు వాహకులే (జబ్బు రాకున్నా ఒక తప్పు జన్యువు మోసేవాళ్లు) అవుతారు, వాళ్ల రక్తంలో ఎంజైము సుమారు సగమే. అందుకే హర్లర్ లాంటి వాటిలో కొన్నిసార్లు ఇంటి బ్యాగును పక్కనపెట్టి, పూర్తి ఎంజైము ఉన్న బయటి బ్యాగునే తెప్పిస్తారు.