గుండె జబ్బుంటే టీకా పడదా? ఈ ఒక్క మాట చాలామందిని ముంచింది

పోయిన వారం మా సెంటర్‌కి బీపీ మాత్రల కోసం వచ్చిన ఒకావిడను డాక్టర్ ఫ్లూ టీకా వేయించుకోమన్నారు. పక్కనున్న కొడుకు వెంటనే, "వద్దు సిస్టర్, అమ్మకి స్టెంట్ వేశారు, సూది వేసి ప్రాణం మీదికి తేకండి" అన్నాడు. నీరసం వచ్చింది నాకు. చెన్నైలో వ్యాసర్పాడి చుట్టుపక్కల మన తెలుగువాళ్ళుండే వీధుల్లో, కరోనా టీకాలు వేసిన 2021 అంతా నేను విన్నది ఈ మాటే. గుండె జబ్బు, షుగర్, బీపీ ఉన్నవాళ్ళకి టీకా పడదు అని.

అన్ని అపోహల్లోకీ ఎక్కువ ప్రాణాలు తీసింది ఇదేనని నా నమ్మకం, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

ఆరోగ్య సిబ్బంది తర్వాత, 2021 మార్చి 1న మామూలు జనానికి టీకా మొదలుపెట్టినప్పుడు ముందు ఎవరిని పిలిచారో గుర్తుందా? అరవై నిండినవాళ్ళని, 45 నుంచి 59 మధ్య ఉండి గుండె జబ్బు, ముదిరిన షుగర్, డయాలసిస్ లాంటివి ఉన్నవాళ్ళని. కరోనా సోకితే ఆక్సిజన్ దాకా వెళ్ళేది ఎక్కువగా వాళ్ళే కాబట్టి. అలా ముందు పిలిచినవాళ్ళే ఇంట్లో కూర్చుండిపోయారు.

దానికి తోడు ఏప్రిల్ 15న తమిళ నటుడు వివేక్ గారు ఇక్కడే ఓమందూరార్ ప్రభుత్వ ఆసుపత్రిలో కోవాగ్జిన్ వేయించుకుని, 17 తెల్లవారుజామున గుండెపోటుతో పోయారు. ఆ తర్వాత మా దగ్గర కుర్చీలు ఖాళీ. వయల్, అంటే టీకా సీసా, ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో అన్ని డోసులూ అయిపోవాలి, పదిమంది పోగయితేగాని తెరవలేం. ఆ ఐస్ బాక్స్ ముందు పెట్టుకుని గేటు వైపు చూస్తూ కూర్చున్న రోజులు నేను మర్చిపోలేను.

ఆయన గుండె రక్తనాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయిందని డాక్టర్లు అప్పుడే చెప్పారు. అక్కడ కొవ్వు పేరుకోవడం ఏళ్ళ తరబడి జరిగేది, రెండు రోజుల పని కాదు. తర్వాత, టీకా వేశాక వచ్చే సమస్యల్ని చూసే కేంద్రం ఏఈఎఫ్ఐ కమిటీ కూడా పరిశీలించి, టీకాకీ ఆ మరణానికీ సంబంధం లేదని తేల్చింది. మొదటి వార్త నాకు నలభైమంది పంపారు, ఈ రెండోది ఒక్కరూ పంపలేదు. 45 దాటిన కోట్లమందికి వరసపెట్టి టీకా వేస్తుంటే వాళ్ళలో కొందరికి ఆ వారమే గుండెపోటు వస్తుంది, టీకా వేసినా, వెయ్యకపోయినా.

రక్తం గడ్డకట్టడం అనేది అసలు లేదని నేననను. కోవిషీల్డ్‌తో అది చాలా అరుదుగా వచ్చింది. 2021 మేలో కేంద్రం అలాంటివి కావచ్చనుకున్న కేసులు 26 అని, అంటే పది లక్షల డోసులకు 0.61 అని చెప్పింది. ఇక వయసులో ఉన్నవాళ్ళ హఠాన్మరణాలంటారా, కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 47 ఆసుపత్రుల్లో 18 నుంచి 45 ఏళ్ళవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. టీకా వల్ల ముప్పు పెరగలేదని తేలింది. పెంచినవి ఏంటంటే, కరోనాతో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఇంట్లో అలాంటి చావులు ఉండటం, చనిపోయే ముందు రెండు రోజుల్లో విపరీతంగా తాగడం, బాగా కష్టమైన వ్యాయామం చెయ్యడం లాంటివి.

భయపడేవాళ్ళని తిట్టబుద్ధి కాదు నాకు. ఒక అవ్వ పసుపు గుడ్డసంచిలో మందుల చీటీలన్నీ పెట్టుకుని మూడు రోజులు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. నాలుగో రోజు నేనే లేచి వెళ్ళి సంచి తీసుకుని చూశాను. రక్తం పలచబడే మాత్ర వాడుతోంది, దాని గురించే భయం. "సూది తీశాక దూదితో గట్టిగా అదిమి పట్టుకుంటే చాలవ్వా" అని చెప్పి, వేశాక ఐదు నిమిషాలు నేనే పట్టుకున్నా. చిన్న చుక్క, అంతే. ఆవిడ ఆ దూదిని సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

గూడూరులో మా పెదనాన్నకి బైపాస్ అయింది. వాళ్ళు చూపించుకునే డాక్టరు "కొన్నాళ్ళు ఆగి చూద్దాం" అన్నారట. నేను ఒక్కసారి ఫోన్ చేసి చెప్పాను, సరేనమ్మా అన్నాడు, ఇక్కడ పనిలో పడి మళ్ళీ చెయ్యలేదు. మేలో కరోనాతో పోయాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. టీకా వేయించుకుంటే మాంసం, తాగుడు మానాలనేది ఎంత పాకిందంటే, తమిళనాడులో ఆదివారం పెట్టే టీకా మెగా క్యాంపులకి జనం రావట్లేదని 2021 అక్టోబరులో శనివారానికి మార్చాల్సి వచ్చింది. మాంసానికీ టీకాకీ ఏ సంబంధమూ లేదు. జ్వరం రాకపోతే టీకా పనిచెయ్యలేదనేదీ అబద్ధమే. పిల్లలు పుట్టరన్నది పచ్చి పుకారు, 2021 జూలై నుంచి గర్భిణులకు కూడా వేశాం.

నర్సుకి తప్పకుండా చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. ఇంతకుముందు టీకాకి ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడకపోవడం, ఇప్పుడు జ్వరం ఉండటం, రక్తం పలచబడే మందులు వాడటం.

ఆ స్టెంట్ ఆవిడ కొడుకుతో అరగంట మాట్లాడాను. గురువారం తీసుకొస్తానన్నాడు, రాలేదు. నంబరు రాసి పెట్టుకున్నా, రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే సాయంత్రం మళ్ళీ చేస్తాను.