‘వీల్‌చైర్ ఇప్పించగలరు’ అని రాస్తే సరిపోదు: అపోహలు – వాస్తవాలు

“ఇతనికి వీల్‌చైర్ ఇప్పించగలరు.” కింద సంతకం, ముద్ర. కావలి నుంచి వచ్చినా, కనిగిరి నుంచి వచ్చినా రిఫరల్ చీటీల్లో చాలావాటిలో ఉండేది ఇంతే. రాసిన డాక్టరుకు ఆ మనిషి సంగతంతా తెలుసు. కుర్చీ చూసిపెట్టేవాళ్లకు మాత్రం చీటీలో ఉన్నదే ఆధారం.

అపోహ: కుర్చీ ఏదైనా ఒకటే, చీటీలో వివరాలెందుకు?

జనానికి ఎక్కువ నష్టం చేసేది ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

తాటిచెట్టు మీంచి పడో, చీమకుర్తి వైపు క్వారీలో దెబ్బ తగిలో వెన్నుపాము దెబ్బతిన్న మనిషిని తీసుకోండి. నడుము కింద స్పర్శ లేదు. ఆస్పత్రి వరండాలో ఉండే మడత కుర్చీ లాంటిది ఇచ్చి పంపారు. దాని సీటు వెడల్పు 18 అంగుళాలు, ఆయన తుంటి వెడల్పు 14. మిగిలిన ఖాళీలో ఆయన ఒక పక్కకు ఒరుగుతాడు, బరువంతా ఒకవైపు పిర్ర ఎముక మీద పడుతుంది. కొన్నాళ్లకు రెగ్జిన్ సీటు జోలెలా కుంగుతుంది. సీటు లోతు ఎక్కువైతే దాని అంచు మోకాలి వెనక నొక్కుతుంది, మనిషి ముందుకు జారి కూర్చుంటాడు, అప్పుడు బరువు తోక ఎముక మీదికి వస్తుంది. ఫుట్‌రెస్టులు మరీ ఎత్తులో ఉంటే తొడలు సీటు మీంచి లేచిపోయి, తొడలు మోయాల్సిన బరువు కూడా పిర్ర ఎముకలే మోస్తాయి. నొప్పి తెలియదు కాబట్టి ఆయన కదలడు. ముందు ఎర్రమచ్చ, తర్వాత తోలు ఊడడం, ఆపైన ఎముకదాకా గుంట. అది మానాలంటే నెలల తరబడి బోర్లానో పక్కకో పడుకోవాలి. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పు. కుర్చీ ఇచ్చినవాళ్లు మంచి చేశామనే అనుకుంటారు, ఇంట్లోవాళ్లు మా ఖర్మ అనుకుంటారు. స్పర్శ లేదన్న ఒక్క మాట చీటీలో ఉండి ఉంటే, కుషన్ లేకుండా ఆ కుర్చీ ఇచ్చేవాళ్లే కాదు.

కాబట్టి జబ్బు పేరుతో ఆగకండి. వెన్నుపాము దెబ్బైతే ‘పారాప్లీజియా’ (రెండు కాళ్లూ చచ్చుబడడం) అని వదిలేయకుండా ఏ స్థాయిలో, ఎంతవరకు అన్నది రాయండి, ‘టి10 కంప్లీట్’ (ఛాతీ వెన్నులో పదో స్థాయి, పూర్తిగా దెబ్బ) అన్నట్టు. జబ్బు ముదిరే రకమా, ఉన్నచోటే ఆగేదా? స్పర్శ ఎక్కడి వరకు ఉంది? పుండు ఉంటే ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, ఎంత లోతు? మానిన పుండు మచ్చ కూడా రాయాలి, ఆ చోటు మళ్లీ త్వరగా దెబ్బతింటుంది. చేతులు వదిలి కూర్చోగలడా, చేతులు ఆనించుకుంటేనా, ఎవరైనా పట్టుకుంటేనా? ఈ మూడింటికీ కావలసిన కుర్చీలు వేరు.

తుంటి 90 డిగ్రీల వరకు వంగుతుందో లేదో చూడండి. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరోసిస్‌తో (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు) వెన్ను, తుంటి బిగుసుకుపోయినవాళ్లను నిటారు వీపు ఉన్న కుర్చీలో కూర్చోబెడితే కూర్చోలేరు, జారిపోతారు. మోకాళ్ల పైన రెండు కాళ్లూ తీసేసిన మనిషైతే అది తప్పకుండా రాయాలి. ముందువైపు బరువు ఉండదు కాబట్టి వెనక చక్రాలను ఇంకా వెనక్కి జరపకపోతే చిన్న ఎత్తు ఎక్కేటప్పుడే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి, ఒక కాలు పనిచేస్తున్న మనిషికి మడమ నేలకు ఆనేంత తక్కువ ఎత్తు సీటు కావాలి. ఆ కాలితోనే కుర్చీని నడుపుకుంటాడు.

టేపు ఉంటే మూడు కొలతలు మీరే తీయొచ్చు. గట్టి బల్ల మీద పాదాలు ఆనేలా కూర్చోబెట్టండి. తుంటికి రెండు పక్కలా రెండు అట్టలు నిలబెట్టి వాటి మధ్య దూరం కొలవండి. టేపును ఒంటి మీద వంపుగా పెడితే లెక్క తప్పుతుంది. తుంటి వెనక నుంచి మోకాలి వెనకదాకా రెండు కాళ్లూ కొలిచి, తక్కువ వచ్చిన దానిలోంచి 3 నుంచి 6 సెంటీమీటర్లు తీసేస్తే సీటు లోతు వస్తుంది. మోకాలి వెనక నుంచి మడమ దాకా, రోజూ వేసుకునే చెప్పులతో కొలిస్తే ఫుట్‌రెస్ట్ ఎత్తు తెలుస్తుంది.

ఇంటి సంగతి కూడా రాయండి. 18 అంగుళాల సీటున్న మడత కుర్చీ మొత్తం వెడల్పు దాదాపు 25 అంగుళాలు ఉంటుంది. రెండడుగుల బాత్‌రూం తలుపులో అది పట్టదు. గడప ఎంత ఎత్తు, తోసేది ముసలి తల్లా, ఎవరూ లేరా? సముద్రం పక్క ఊళ్లలో ఇసక దారులైతే ముందు చిన్న చక్రాలు కూరుకుపోతాయి, పెద్దవి, వెడల్పువి కావాలి.

అపోహ: స్పెషలిస్టు రాస్తేనే చెల్లుతుంది.

మనిషిని గుర్తించి అసెస్‌మెంట్‌కు (ఎలాంటి కుర్చీ కావాలో కొలిచి చూడడానికి) పంపే పని పీహెచ్‌సీ డాక్టరు, ఫిజియోథెరపిస్టు, ఏఎన్ఎం, ఆశా ఎవరైనా చేయొచ్చు. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే జతచేస్తే చాలు.

అపోహ: సదరం (వైకల్య) సర్టిఫికెట్ వచ్చేదాకా ఏమీ చేయలేం.

సర్టిఫికెట్ అడిగేది పథకం, ఒంటికి కొలతలు తీయడానికి అది అక్కర్లేదు. స్లాట్ కోసం ఎదురుచూసే రోజుల్లోనే పుండ్లు పడతాయి. అసెస్‌మెంట్‌కు ముందే పంపండి, కాగితాలు పక్కన నడుస్తుంటాయి. కేంద్రం ఇచ్చే ఎడిప్ పథకానికి 40 శాతం వైకల్యం ఉండాలి. నెల ఆదాయం 22,500 రూపాయల లోపైతే పరికరం పూర్తిగా ఉచితం, 30,000 లోపైతే సగం. అదే అవసరానికి గత మూడేళ్లలో సాయం తీసుకుని ఉండకూడదు, 12 ఏళ్లలోపు పిల్లలకు ఆ గడువు ఏడాదే.

60 దాటినవాళ్లకు వయోశ్రీ పథకం వేరే ఉంది. 2017 ఏప్రిల్ 1న అది మొదలైంది మన నెల్లూరు జిల్లాలోనే. దానికి సదరం పట్టుబట్టక్కర్లేదు, వయసు, ఆదాయం చూస్తారు. ‘డబ్బు కడితే ముందు ఇప్పిస్తాం’ అనే మధ్యవర్తులను నమ్మకండి. నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్రం నడిపే కాంపోజిట్ రీజనల్ సెంటర్ ఉంది, నేరుగా వెళ్లి కనుక్కోండి.

అపోహ: కుర్చీ ఎక్కితే ఇక నడక రాదు.

ఈ భయంతోనే ఎందరో తల్లులు పిల్లల్ని చంకలోనే మోస్తుంటారు. వాళ్లను కసరకండి. నడక సాధన ఒకపక్క జరుగుతూనే ఉంటుంది, మిగతా పూట బడికీ బజారుకీ కుర్చీ కావాలి. సరైన ఆసరాతో కూర్చుంటే వెన్ను వంకర తిరగకుండా కాపాడుకోవడం కూడా తేలికవుతుంది.

అపోహ: బ్యాటరీ కుర్చీయే గొప్ప.

చేతులు బాగున్నవాళ్లకు మామూలు కుర్చీ తేలిక, ఆటోలో పడుతుంది, ఊళ్లోనే బాగుచేయించుకోవచ్చు.

అపోహ: కుర్చీ చేతికొచ్చాక రిఫర్ చేసినవాళ్ల పని అయిపోయింది.

కుర్చీలో కూర్చున్నాక పిర్ర ఎముక కింద మీ వేళ్లు పెట్టి చూడండి. వేలి కొనలు అర సెంటీమీటరు పైకీ కిందికీ ఆడితే సరే. ఆడకపోయినా బయటికి లాగగలిగితే జాగ్రత్త పడాలి. నలిగిపోతుంటే ఆ కుషన్ పనికిరాదు. రెండు పిర్రల కిందా చూడాలి. స్పర్శ లేనివాళ్లు అరగంటకోసారైనా ముందుకో పక్కకో వంగి ఒకటి రెండు నిమిషాలు బరువు తీయాలి. రోజూ రాత్రి అద్దంతోనో, ఇంట్లోవాళ్ల చేతనో తోలు చూపించుకోవాలి. పిల్లవాడు పెరిగినా, మనిషి చిక్కినా, కుషన్ ఫోం చచ్చిపోయినా మళ్లీ రిఫర్ చేయండి. కొత్తగా ఎర్రమచ్చ కనిపించి, బరువు తీసేశాక కూడా పోకపోతే ఆ రోజు నుంచే కూర్చోవడం ఆపించి, ‘అత్యవసరం’ అని చీటీ పైన రాసి పంపండి.