డెంగీ తగ్గాక కొండల్లో అల్ట్రా: గోదావరి రన్నర్ల అపోహలు, వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్టుని. ఏటిగట్ల మీద పరిగెత్తేవాళ్ల మోకాళ్లు, తొడలు చూడడం నా పని. జ్వరం పడి లేచి, తొలి అల్ట్రాకి (మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు దాటిన పరుగు ఏదైనా అల్ట్రానే), అదీ కొండల్లో, పేరిచ్చి వచ్చేవాళ్లు అనే మాటలివి.

అపోహ: ప్లేట్‌లెట్లు పెరిగాయి, ఇంక పరిగెత్తొచ్చు.

ప్లేట్‌లెట్ల లెక్క చూసి గుండె ఎలా ఉందో చెప్పలేం. డెంగీలాంటి వైరల్ జ్వరాలు కొందరిలో గుండె కండరానికి వాపు తెస్తాయి. ఛాతీ నొప్పి, దడ, కళ్లు తిరగడం, మునుపు లేని ఆయాసం ఉంటే ముందు డాక్టరు దగ్గరికెళ్లి ఈసీజీ తీయించుకోండి. వాపు ఉందని తేలితే మామూలుగా 3 నుంచి 6 నెలలు పోటీలు మానమంటారు. ఏమీ లేదంటే నడకతో మొదలుపెట్టండి. నిద్ర లేవగానే నాడి చూసుకోండి, రోజూ ఉండేదానికన్నా బాగా ఎక్కువుంటే ఆ పూట పరుగు వద్దు. "ఆయ్, మెల్లగా వెళ్తానండి" అంటే మాత్రం నేను నమ్మను. గట్టు మీద పక్కవాడు దాటిపోతుంటే మెల్లగా వెళ్లేవాణ్ని ఇంతవరకూ చూడలేదు.

అపోహ: మనది పల్లం, కొండ ఎక్కడమే కష్టం.

ఎక్కేచోట అల్ట్రా రన్నర్లు చాలామంది నడుస్తారు, నామోషీ ఏం లేదు. అసలు దెబ్బ దిగుడులో ఉంది. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, అప్పుడే దాని పోగులు ఎక్కువ దెబ్బతింటాయి. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని దాదాపు 90 కిలోమీటర్ల రేసుంది. సాధారణంగా ఒక ఏడాది డర్బన్ నుంచి పైకి, మరో ఏడాది కిందికి సాగుతుంది. తొడలు పట్టేసేది కిందికి దిగిన ఏడాదే అంటారు.

పైగా మంచం పట్టినప్పుడు త్వరగా కరిగేవాటిలో తొడ కండరం ఒకటి. దాన్ని మళ్లీ దిగుడుకి అలవాటు చేయాలంటే రాజమండ్రి–కొవ్వూరు వంతెన ఎత్తు చాలదు. కోరుకొండ నరసింహస్వామి మెట్లో, మారేడుమిల్లి ఘాటు రోడ్డో కావాలి. మొదటిసారి కొంచెమే దిగండి. రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేవాలన్నా అమ్మో అనిపిస్తుంది. తర్వాతిసారి అదే దిగుడుకి అంత నొప్పి రాదు, ఆ అలవాటు కొన్ని వారాలు నిలుస్తుంది. రేసుకి ముందు వారం మాత్రం కొండ జోలికి పోకండి.

అపోహ: ఎన్ని నీళ్లు తాగితే అంత మంచిది.

దాహానికి తగ్గట్టు తాగితే చాలు. గంటల తరబడి అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, తికమక, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. మన ఉక్కలో చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. దానికి మందు వేగం తగ్గించడం. ఉప్పు మజ్జిగ మంచిదే గానీ, ఉప్పుందని లీటర్లకొద్దీ తాగితే సోడియం పడిపోయే ముప్పు అలాగే ఉంటుంది. తినడానికి అరటిపండు ఉండనే ఉంది.

అపోహ: ముందే నొప్పి మాత్ర వేసుకుంటే సాఫీగా వెళ్లొచ్చు.

వద్దు. ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి అసలే నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీల మీద పడతాయి. రేసులోగానీ తర్వాతగానీ మూత్రం డికాషన్ రంగులో వస్తే కండరం కరిగి రక్తంలో కలుస్తోందేమో అని అనుమానించాలి. మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.