ఎక్కువ గెలిచినవాడే ఛాంపియనా? ట్రక్కు రేసుల లెక్క

చిన్నూ, లాస్యా,

మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ పడీపడీ నవ్వారు కదా, "ట్రక్కులతో రేసులేంటి తాతయ్యా, మామిడికాయలు కింద పడిపోవా?" అని. నూజివీడు నుంచి కాయలు వేసుకొచ్చే బొలెరో మీ కళ్ళ ముందు మెదిలినట్టుంది. అమెరికాలో షార్లెట్ ఊరికి, మీ అత్త దగ్గరికి వచ్చిన కొత్తలో నేనూ అలాగే నవ్వాను. ఇప్పుడేమో ఈ రేసుంటే మీ నానమ్మ అన్నానికి పిలిచినా వినపడటం లేదు నాకు.

బండి పేరుకే పికప్. షెవర్లే సిల్వరాడో, ఫోర్డ్ ఎఫ్-150, టయోటా టండ్రా పోలికలు పైపైన కనిపిస్తాయి, అంతే. లోపల ఉక్కు గొట్టాలు వెల్డింగ్ చేసిన పంజరం, పెద్ద వి8 ఇంజను, ఒక్కటే సీటు. వెనక తొట్టికి మూత బిగించేస్తారు, మీ మామిడికాయలకు చోటు లేదు! కారు కంటే ఎత్తుగా, డబ్బాలా ఉండటంతో గాలిని గట్టిగా నెట్టుకుంటూ పోతుంది కాబట్టి దాని వెనకే అంటిపెట్టుకున్న బండికి గాలి అడ్డం తగ్గి, అదే ఇంజనుతో ఇంకాస్త వేగం వస్తుంది. నాలుగు కిలోమీటర్ల డేటోనా ట్రాక్ మీద అందరూ రైలు పెట్టెల్లా ఒకరి వెనక ఒకరు వెళ్ళేది అందుకే.

అమెరికాలో కార్ల రేసులు నడిపే నాస్కార్ వాళ్ళు ఈ ట్రక్కు రేసుల్ని మొదలుపెట్టింది 1995లో. మొదటి రేసు ఫిబ్రవరి 5న ఫీనిక్స్‌లో, గెలిచింది మైక్ స్కిన్నర్, ఆ ఏడాది టైటిలూ ఆయనదే. మొదట్లో రేసు మధ్యలో సినిమాకిచ్చినట్టు ఇంటర్వెల్ ఇచ్చేవాళ్ళట, టైర్లూ అవీ అప్పుడే మార్చుకునేవాళ్ళు. నాకైతే అదే బాగుండేదనిపిస్తుంది, టీ పెట్టుకోవచ్చు.

ఇక లాస్య అడిగిన ప్రశ్న: "ఎక్కువ రేసులు గెలిచినవాడే ఛాంపియన్ కదా?" కాదమ్మా, అక్కడే ఉంది తిరకాసంతా.

అప్పట్లో ఏడాది పొడుగునా రేసుల్లో వచ్చిన పాయింట్లు కలిపి, ఎక్కువున్నవాడికే టైటిల్ ఇచ్చేవాళ్ళు. 1999లో గ్రెగ్ బిఫుల్ తొమ్మిది రేసులు గెలిచాడు, అప్పటికది రికార్డు. కానీ లాస్ వేగాస్‌లో ఇంజనుకి గాలి అందించే భాగం రూల్స్ ప్రకారం లేదని 120 పాయింట్లు కోశారు. ఏడాది చివర్లో లెక్క చూస్తే జాక్ స్ప్రేగ్ కంటే 8 పాయింట్లు తక్కువ. పోయింది. (మరుసటి ఏడాది కసిగా టైటిల్ కొట్టాడులెండి.) మాట్ క్రాఫ్టన్‌ది దీనికి తిరగేసిన కథ: 2019లో ఒక్క రేసూ గెలవకుండా ఛాంపియన్ అయ్యాడు! అప్పటికి పద్ధతి మారిపోయింది. 2025 దాకా సీజన్ చివర ప్లేఆఫ్స్ పెట్టి, కొంతమందిని వడకట్టి, ఆఖరి రేసుకి నలుగురినే మిగిల్చేవాళ్ళు. ఆ రోజు ఆ నలుగురిలో ఎవరు ముందొస్తే వాళ్ళదే కప్పు. క్రాఫ్టన్ ఆ రేసులో రెండోవాడే, మొదటివాడు ఆ నలుగురిలో లేడు. సంవత్సరమంతా ఫస్టు వచ్చిన పిల్లాడికి పబ్లిక్ పరీక్ష రోజు జ్వరం వస్తే ఎలాగో ఇదీ అంతే. నాకిది అన్యాయంగానే తోస్తుంది, మీ మావయ్య మాత్రం "టెన్షన్ లేకపోతే ఎవరు చూస్తారు మావయ్యా" అంటాడు.

ఆ టెన్షన్ పూర్తిగా అనుభవించినవాడు కోరీ హైమ్. 2023లో ఆ నలుగురిలో ఉన్నాడు, ఫీనిక్స్ ఫైనల్లో గుద్దులాటలో పోయింది, బెన్ రోడ్స్ ఎగరేసుకుపోయాడు. 2024లో మళ్ళీ నలుగురిలో ఉన్నాడు, టై మజెస్కీ గెలిచాడు. 2025 సీజన్ మొదలైందే విచిత్రంగా: డేటోనాలో పార్కర్ క్లైగర్‌మన్ ముందొచ్చి పండగ చేసుకున్నాడు, తర్వాత తనిఖీలో బండి వెనక భాగం ఉండాల్సినంత ఎత్తు లేదని తేలి ఆయన గెలుపు కొట్టేశారు, దాన్ని హైమ్‌కి రాసిచ్చారు. నేను క్లైగర్‌మన్ గెలిచాడనుకుని పడుకుని, పొద్దున లేచేసరికి ఇది! ఆ తర్వాత మాత్రం హైమ్ ఎవరి దయా అక్కర్లేకుండా ఆడేసుకున్నాడు. మొత్తం 25 రేసుల్లో 12 గెలిచి బిఫుల్ రికార్డు దాటేశాడు. అయినా అక్టోబరు 31 రాత్రి ఫీనిక్స్‌లో, మీకు అప్పుడు శనివారం పొద్దున, మజెస్కీతో సహా మిగతా ముగ్గురితో సమానంగా మళ్ళీ సున్నా నుంచే మొదలుపెట్టాల్సొచ్చింది. అదే పన్నెండో గెలుపు. నేను సోఫా మీంచి లేచిన లేవడానికి మీ అత్త హడలిపోయింది.

చిన్నూ, నీకో లెక్క. 2025 రూలు ప్రకారం మామూలు రేసులో మొదటివాడికి 40 పాయింట్లు, రెండోవాడికి 35. రేసు మధ్యలో రెండుసార్లు ఆ క్షణానికి ముందున్న పది మందికీ పది నుంచి ఒకటి దాకా అదనంగా ఇస్తారు. ఒకడు ఆ రెండుసార్లూ పదిమందిలో లేడు కానీ రేసు గెలిచాడు, ఇంకొకడు రెండుసార్లూ రెండోవాడే, చివరికీ రెండోవాడే. ఎవరికెక్కువ వచ్చాయో లెక్కేసి ఆదివారం ఫోన్‌లో చెప్పు. లాస్యని అడక్కు.

ప్రేమతో,
తాతయ్య